హసిదీ శూన్యం, క్వాంటమ్ శూన్యం: పోలిక ఎంతవరకు నిలుస్తుంది?

1796లో, ఇప్పటి ఉక్రెయిన్‌లో ఉన్న స్లావుటా పట్టణంలో ఒక చిన్న హీబ్రూ పుస్తకం అచ్చయింది. పేరు తాన్యా. రాసింది ష్నేయుర్ జల్మన్ అనే రబ్బీ. పద్దెనిమిదో శతాబ్దంలో తూర్పు యూరప్‌లో పుట్టిన యూదు భక్తి ఉద్యమం హసిదీ. అందులో చబాద్ శాఖకు మూలపురుషుడు ఆయనే. ఆ పుస్తకం రెండో భాగంలో ఆయన రాయి గురించి మాట్లాడతారు. చలనం లేని రాయిని కూడా దేవుడి వాక్కులోని అక్షరాలే క్షణక్షణం నిలబెడుతున్నాయంటారు. అవి ఒక్క క్షణం తప్పుకుంటే రాయి పగలడం, పొడికావడం లాంటివేమీ జరగవు. అది ఎప్పుడూ లేనట్టే అయిపోతుంది.

1925 తర్వాత రూపుదిద్దుకున్న క్వాంటమ్ భౌతికశాస్త్రం కూడా రాయి గురించిన మన నమ్మకాన్ని కదిలించింది. గట్టిగా, స్థిరంగా కనిపించే వస్తువు లోపల చిన్న చిన్న గోళీలేమీ లేవని, ఉన్నవి క్షేత్రాలూ వాటిలోని కదలికలూ అని చెప్పింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి, మా గురువులు ముందే చెప్పారు అనే పుస్తకాలు, ఉపన్యాసాలు యూదు సమాజాల్లో చాలా వచ్చాయి. తెలుగువాళ్లకు ఈ ధోరణి బాగా పరిచయమే. క్వాంటమ్ సిద్ధాంతానికి రూపమిచ్చినవారిలో ఒకరైన ష్రోడింగర్‌కు ఉపనిషత్తుల మీద ఇష్టం ఉండేదన్న నిజాన్ని పట్టుకుని, క్వాంటమ్ సిద్ధాంతమంటే అద్వైతమేనని చెప్పే ప్రసంగాలు మనమూ విన్నాం.

హసిదీ ఆలోచనకూ భౌతికశాస్త్రానికీ మధ్య చెప్పే పోలికల్లో కొన్ని నిజంగా లోతైనవి. కొన్ని అంకెలు కలవడం తప్ప ఇంకేమీ లేనివి. వాటిని వేరుచేయాలంటే పోలిక ఎక్కడ కుదిరిందన్నది చాలదు, ఎక్కడ తెగిందో కూడా చూడాలి. తెగిన చోటే రెండు వైపులవాళ్లూ అసలు ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో తెలుస్తుంది. పోలికలు చెప్పేవాళ్లు సాధారణంగా దాటేసేది ఆ భాగాన్నే.

చోటు ఇవ్వడం

కథ హసిదీలకంటే ముందు, ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న గలిలీ కొండల్లోని సఫెద్ ఊళ్లో మొదలవుతుంది. యూదు మార్మిక గురువు ఐజాక్ లూరియా 1570లో అక్కడికి వచ్చి 1572లో, నలభై ఏళ్లయినా నిండకుండానే చనిపోయారు. ఆయన స్వయంగా రాసింది చాలా తక్కువ. చెప్పినదాన్ని శిష్యుడు హయీమ్ వితాల్ గ్రంథస్థం చేశారు. లూరియాను పట్టి పీడించిన ప్రశ్న ఇది: అనంతుడైన దేవుడు అంతటా నిండి ఉంటే, ప్రపంచానికి చోటెక్కడిది? కబ్బాలాలో, అంటే యూదుల మార్మిక సంప్రదాయంలో, ఆ అనంతుడిని ఐన్ సోఫ్ అంటారు. లూరియా జవాబు ప్రకారం అనంతమైన వెలుగు తనను తాను వెనక్కి తీసుకుంది. దీన్నే త్సిమ్‌త్సుమ్ అంటారు. అలా ఏర్పడిన ఖాళీలోకి ఒక సన్నని కిరణం దిగింది. ఆ వెలుగును పట్టుకోవాల్సిన పాత్రలు తట్టుకోలేక బద్దలయ్యాయి. నిప్పురవ్వల్లాంటి పవిత్రాంశాలు లోకమంతా చెదిరాయి. వాటిని ఏరి పైకి పంపడమే మనిషి పని.

ఇది వినగానే ఎవరికైనా బిగ్ బ్యాంగ్ గుర్తొస్తుంది. 1927లో బెల్జియం శాస్త్రజ్ఞుడు లమైత్ర్ విశ్వం విస్తరిస్తోందని సమీకరణాల నుంచి రాబట్టారు. 1929లో హబుల్ కొలతలు ఆ విస్తరణకు ఆధారమయ్యాయి. 1965లో విశ్వమంతటా నిండిన తొలినాటి వెచ్చదనపు అవశేషాన్ని, అంటే నేపథ్య వికిరణాన్ని కనుగొన్నట్టు ప్రకటించారు. ఇప్పటి లెక్క ప్రకారం విశ్వం వయసు సుమారు 1380 కోట్ల ఏళ్లు. మొదట ఏదో ఉంది, తర్వాత వెలుగు, తర్వాత చెదిరిన ముక్కలు. వరస ఒకేలా ఉందనిపిస్తుంది.

కానీ బొమ్మ గీసి చూస్తే కుదరదు. లూరియా చిత్రంలో ఖాళీ చుట్టూ అనంతమైన వెలుగు ఉంది, ఖాళీకి ఒక మధ్యబిందువు ఉంది. బిగ్ బ్యాంగ్ సిద్ధాంతంలో మధ్యబిందువు లేదు, విస్తరించడానికి బయట చోటూ అక్కర్లేదు. స్థలమే సాగుతోంది. ఏ గెలాక్సీలో నిలబడి చూసినా మిగతావన్నీ దూరంగా జరుగుతున్నట్టే కనిపిస్తాయి. పైగా బిగ్ బ్యాంగ్ చెప్పేది చాలా వేడిగా, దట్టంగా ఉన్న స్థితి ఈనాటి విశ్వంగా ఎలా మారిందన్నదే. ఏమీలేమి నుంచి ఏదో ఎలా వచ్చిందన్నది అది చెప్పదు. కాలాన్ని సున్నా దాకా వెనక్కి తిప్పితే ఐన్‌స్టీన్ సమీకరణాలే చేతులెత్తేస్తాయి.

ఈ తేడాను అందరికంటే గట్టిగా పట్టుకున్నది లమైత్రే. ఆయన క్యాథలిక్ పూజారి కూడా. 1951 నవంబరులో పోప్ 12వ పయస్ ఒక ప్రసంగంలో కొత్త విశ్వశాస్త్రాన్ని సృష్టికి సాక్ష్యంగా చూపితే, సంతోషించాల్సిన లమైత్ర్ ఇబ్బందిపడ్డారు. విశ్వానికి భౌతికమైన ఆరంభం ఉండటం ఒకటి, దేవుడు సృష్టించడం మరొకటి. మొదటిది రేపు ఇంకో కొలతతో మారవచ్చు, విశ్వాసాన్ని దానికి కట్టేయకూడదన్నది ఆయన పట్టుదల. మతవిశ్వాసం ఉన్న శాస్త్రజ్ఞుడిలో ఇంతకంటే గొప్ప నిజాయితీ నేను చూడలేదు.

త్సిమ్‌త్సుమ్‌ను బిగ్ బ్యాంగ్‌తో పోల్చడంలో ఇంకో చిక్కు ఉంది. దేవుడు నిజంగానే వెనక్కి తగ్గాడా, లేక మన కంటికి మరుగయ్యాడా? తూర్పు యూరప్ యూదు సమాజాన్ని చీల్చిన వివాదాల్లో ఈ ప్రశ్నా ఒకటి. వెలుగు ఎక్కడికీ పోలేదని, ఖాళీ అన్నది సృష్టి వైపు నుంచి కనిపించేది మాత్రమేనని చబాద్ గురువుల వాదం. విల్నా గావోన్‌గా పేరుపొందిన మహా పండితుడు, ఆయన అనుచరులు హసిదీ బోధను తీవ్రంగా వ్యతిరేకించారు. 1772లో విల్నాలో (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్) హసిదీల మీద వెలివేత ప్రకటన కూడా వచ్చింది. దేవుడు అన్నిటిలోనూ ఉన్నాడంటే శుచికీ అశుచికీ తేడా ఏముంటుందన్నది వాళ్ల భయాల్లో ఒకటి. అందుకే త్సిమ్‌త్సుమ్‌ను స్థలంలో జరిగిన సంఘటనగా చూపి బిగ్ బ్యాంగ్‌తో జతచేసే హసిదీ వక్త, తెలియకుండానే తన గురువు కాదన్న అర్థాన్ని ఒప్పుకుంటున్నట్టే.

రాయి ఎందుకు నిలుస్తుంది

నా దృష్టిలో అసలైన, విలువైన పోలిక తాన్యా చెప్పిన రాయి దగ్గరే ఉంది. దాని వెనక ఉన్న వాదాన్ని కాస్త నెమ్మదిగా చూడాలి.

ఈ ఆలోచన ష్నేయుర్ జల్మన్ సొంతం కాదు. హసిదీ ఉద్యమానికి ఆద్యుడైన బాల్ షెమ్ తోవ్ నుంచి వచ్చిందని ఆయనే చెబుతారు. బాల్ షెమ్ తోవ్ పొదోలియా ప్రాంతంలోని మెజిబిజ్‌లో బోధించి 1760లో చనిపోయారు. 1648 నాటి యూదుల ఊచకోతల జ్ఞాపకం ఇంకా మిగిలి ఉన్న ప్రాంతం అది. దేవుడు పండితుల గదులకే పరిమితం కాడని, తిండిలో, పాటలో, బేరసారాల్లో కూడా ఉన్నాడని ఆయన చెప్పారు. ఆయన లేని చోటు లేదన్న పాత కబ్బాలా వాక్యం హసిదీలకు ఊపిరి అయింది. తెలుగు పాఠకుడికి ఇక్కడ ప్రహ్లాదుడు గుర్తుకు రావడం సహజం.

‘ప్రభూ, నీ వాక్కు ఆకాశంలో శాశ్వతంగా నిలిచి ఉంది’ అని 119వ కీర్తనలో ఒక వాక్యం ఉంది. బాల్ షెమ్ తోవ్ దీన్ని అక్షరార్థంలోనే తీసుకున్నారు. ఆకాశం కలుగుగాక అని సృష్టిరోజున పలికిన అక్షరాలు ఇప్పటికీ అక్కడే నిలబడి ఉన్నాయి, అవి ఉన్నంతసేపే ఆకాశం ఉంటుందన్నారు. బైబిలు సృష్టికథలో రాయి పేరు రాదు కదా అంటే, ఆ కథలోని పది దైవవాక్కుల అక్షరాలు మారుతూ, కలుస్తూ, మెట్టుమెట్టుగా దిగి రాయి దాకా వస్తాయని తాన్యా వివరణ.

తర్వాత వచ్చే వాదం తాత్వికంగా చాలా పదునైనది. కంసాలి వెండితో పాత్ర చేసి పక్కన పెట్టి వెళ్లిపోతే పాత్ర అలాగే ఉంటుంది. ఎందుకంటే వెండి ముందే ఉంది, అతను మార్చింది ఆకారాన్నే. మరి ఏమీలేమి నుంచి ఉనికిని తెచ్చినప్పుడు? దానికి ష్నేయుర్ జల్మన్ చూపే ఉదాహరణ బైబిలు కథలో రెండుగా చీలిన ఎర్రసముద్రం. తూర్పుగాలి రాత్రంతా వీచింది కాబట్టి నీళ్లు గోడలా నిలిచాయి. గాలి ఒక్క క్షణం ఆగినా నీళ్లు తమ స్వభావం కొద్దీ కిందికి పారేవి. నీళ్లను నిలబెట్టడానికే అంత అవసరమైతే, లేనిదాన్ని ఉన్నదిగా నిలబెట్టే శక్తి ఇంకెంత ఎడతెగకుండా ఉండాలి? లేకపోవడమే దాని స్వభావం కదా అని ఆయన తర్కం.

పాత భౌతికశాస్త్రం దీనికి ఒప్పుకునేది కాదు. గెలీలియో, న్యూటన్ నేర్పిన మొదటి పాఠం జడత్వం. కదిలేది కదులుతూనే ఉంటుంది, దాన్ని నెట్టేవాడు అక్కర్లేదు. ఉన్నది ఉన్నట్టు కొనసాగడానికి కారణం అడగనవసరం లేదు, మారితేనే అడగాలి. శక్తి నిత్యత్వ సూత్రం ఆ నమ్మకాన్ని ఇంకా బిగించింది. 19వ శతాబ్దపు శాస్త్రం ముందు తాన్యా వాదం పాతకాలపు మాటలా కనిపించి ఉంటుంది.

ఇరవయ్యో శతాబ్దం బొమ్మను మార్చింది. క్వాంటమ్ క్షేత్ర సిద్ధాంతంలో ఎలక్ట్రాన్ అంటే విడిగా ఉన్న వస్తువు కాదు, అంతటా ఉన్న ఎలక్ట్రాన్ క్షేత్రంలో ఒక ఉత్తేజం. పరమాణు కేంద్రంలో ఉండే ప్రోటాన్ సంగతి ఇంకా ఆశ్చర్యం. దానిలోని మూడు ప్రధాన క్వార్కుల, అంటే ఇంకా చిన్న కణాల, సొంత ద్రవ్యరాశిని కలిపితే ప్రోటాన్ ద్రవ్యరాశిలో దాదాపు 1 శాతమే వస్తుంది. మిగిలినదంతా క్వార్కుల కదలికలోని శక్తి, వాటిని బంధించే గ్లూయాన్ క్షేత్రాల శక్తి. అంటే రాయి బరువులో అధికభాగం ఎడతెగకుండా జరుగుతున్న పని నుంచి వస్తోంది. తాన్యా చదివినవాళ్లకు ఇక్కడ ఒళ్లు పులకరిస్తే అది అర్థం చేసుకోదగ్గదే. నాకూ పులకరించింది.

అయినా పోలిక తెగే చోటు ఉంది. క్షేత్రాలు అక్షరాలు కావు. తాన్యా ప్రకారం క్షేత్రం కూడా సృష్టిలో భాగమే. రాయికి ఎంత ఆధారం కావాలో క్షేత్రానికీ అంతే కావాలి, సమీకరణానికీ అంతే. భౌతికశాస్త్రం ఒక ఉనికికీ మరో ఉనికికీ మధ్య ఉన్న సంబంధాన్ని చెబుతుంది. శక్తి మొత్తం మారదు, రూపం మారుతుందంటుంది. అది వెండీ పాత్రా కథే. ష్నేయుర్ జల్మన్ అడిగిన ప్రశ్న ఆ వెండి గురించి. ప్రోటాన్ లోపల ఎంత లోతుకు వెళ్లినా మనకు దొరికేది ఇంకా నాజూకైన వెండే. ఈ సంగతి చెప్పకుండా, శాస్త్రం తాన్యాను నిరూపించిందనడం తాన్యాను తక్కువ చేయడం. ఆయన అడిగింది అంత చిన్న ప్రశ్న కాదు.

ఆయన ఎందుకు అడిగారన్నదీ ముఖ్యమే. ఈ భాగానికి రాసిన ముందుమాట పిల్లల శిక్షణ గురించినది. దేవుడి పట్ల ప్రేమ, భయభక్తులు మనసులో నాటుకోవడానికి పునాదిగా ఈ పాఠం చెబుతున్నానంటారు. ప్రార్థనకు నిలబడేవాడి మనసును సిద్ధం చేయడానికి రాసిన పేజీలవి.

రెండు శూన్యాలు

బాల్ షెమ్ తోవ్ తర్వాత ఉద్యమాన్ని నడిపింది మెజెరిచ్‌కు చెందిన దోవ్ బేర్. ఆయన్ని మగ్గిద్ అంటారు, 1772లో చనిపోయారు. ఆయన బోధకు కేంద్రం అయిన్, అంటే లేమి. ఏ వస్తువైనా మరో వస్తువుగా మారాలంటే మధ్యలో అయిన్ గుండా వెళ్లాలంటారు. గుడ్డు కోడిపిల్లగా మారేటప్పుడు గుడ్డూ కాని, పిల్లా కాని ఒక క్షణం ఉంటుంది. మనిషి కూడా మారాలంటే తన నేనును ఆ లేమిలోకి వదిలేయాలి.

దీన్ని క్వాంటమ్ గెంతుతో పోలుస్తారు. 1913లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు బోర్ ఇచ్చిన పరమాణు నమూనాలో ఎలక్ట్రాన్ ఒక కక్ష్య నుంచి ఇంకో కక్ష్యకు దూకుతుంది, మధ్యలో ఎక్కడా ఉండదు. మగ్గిద్ చెప్పిన క్షణం అచ్చం ఇదే అంటారు. కానీ 2019లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు సూపర్‌కండక్టింగ్ సర్క్యూట్‌తో చేసిన కృత్రిమ పరమాణువులో అలాంటి గెంతును మధ్యలోనే పట్టుకుని వెనక్కి తిప్పగలిగారు. గెంతు ఎప్పుడు వస్తుందన్నది ముందుగా చెప్పలేకపోయినా, ఒకసారి మొదలయ్యాక అది అంచెలంచెలుగా, ఎక్కడా తెగకుండా సాగుతుందని తేలింది. మధ్యలో ఏమీలేని క్షణం అక్కడ దొరకలేదు. మరి మగ్గిద్ బోధ తప్పయిందా? కాలేదు, ఎందుకంటే ఆయన ఎలక్ట్రాన్ గురించి మాట్లాడలేదు. తప్పయింది 1913 నాటి బొమ్మకు ఆయన మాటను అంటించిన పోలిక. లమైత్ర్ భయపడింది సరిగ్గా ఇలాంటి దాని గురించే.

క్వాంటమ్ శూన్యంతో పోలిక దీనికంటే కొంత మెరుగు. భౌతికశాస్త్రంలో శూన్యమంటే ఖాళీ కాదు, క్షేత్రాల కనిష్ఠ శక్తి స్థితి. విద్యుదావేశం లేని రెండు లోహపు పలకలను అతి దగ్గరగా పెడితే ఒకదాన్నొకటి ఆకర్షిస్తాయని 1948లో హాలండ్ శాస్త్రజ్ఞుడు కాసిమిర్ లెక్కకట్టారు. 1997లో దాన్ని కచ్చితంగా కొలిచారు. హసిదీ అయిన్ కూడా వట్టి ఖాళీ కాదు. మన పట్టుకు అందనంత నిండుదనం కాబట్టి దానికి లేమి అని పేరు. ఇంతవరకు బాగానే కలిసింది. ఆ తర్వాత దారులు వేరు. క్వాంటమ్ శూన్యానికి సమీకరణం ఉంది, దాన్ని పలకల మధ్య పెట్టి కొలవొచ్చు. కొలవగలిగితే అది అయిన్ కాదు. పైగా శూన్యం సంగతి భౌతికశాస్త్రంలోనే తేలలేదు. శూన్యపు శక్తిని సిద్ధాంతం నుంచి మామూలుగా అంచనా వేస్తే, విశ్వ విస్తరణ నుంచి దొరికే విలువకంటే సుమారు 10కి 120వ ఘాతం రెట్లు ఎక్కువ వస్తోంది.

రెండు చూపులు

బోర్ 1927లో చెప్పిన పరిపూరకత సూత్రం ప్రకారం ఎలక్ట్రాన్‌ను తరంగంగా చూపే ఏర్పాటు, కణంగా చూపే ఏర్పాటు ఒకేసారి కుదరవు. అయినా పూర్తి వివరణకు రెండూ కావాలి. చబాద్ బోధలో దీనికి దగ్గరగా వచ్చే ఆలోచన ఉంది. కింది నుంచి చూస్తే ప్రపంచం ఉన్నది, దేవుడు అందని లేమి. పై నుంచి చూస్తే దేవుడే ఉన్నది, ప్రపంచం లేమి. ఒకే సంగతికి రెండు చూపులు, రెండూ మనిషికి అవసరమే.

తేడా చిన్నది కాదు. బోర్ దగ్గర ఏ చూపూ ఎక్కువ కాదు. చబాద్ దగ్గర పైచూపే సత్యం, కిందిది సృష్టికి ఇచ్చిన వెసులుబాటు. ఈ విషయంలో బోర్‌కు ఎక్కువ దగ్గరైనవారు బాల్ షెమ్ తోవ్ మునిమనుమడు, బ్రెస్లోవ్ గురువు నఖ్మన్ అని నేననుకుంటాను. 1772లో పుట్టి 1810లో చనిపోయిన ఆయన, లూరియా చెప్పిన ఖాళీ చోటు గురించి ఒక అసాధారణమైన బోధ చేశారు. ఆ చోట దేవుడు లేడు అని చెప్పాలి, లేకపోతే ప్రపంచానికి చోటుండదు. ఉన్నాడు అనీ చెప్పాలి, లేకపోతే ఆ చోటే ఉండదు. ఈ రెండింటినీ ఇప్పుడు కలపడం మనిషి బుద్ధికి సాధ్యం కాదన్నారు. ఆ ఖాళీలోంచి పుట్టే ప్రశ్నలకు జవాబు ఉండదు, మోషే లాంటివాడి మౌనం మాత్రమే వాటిని తట్టుకోగలదన్నారు. రెండు మాటల్లో ఏదో ఒకదాన్ని తగ్గించి సర్దిచెప్పడానికి ఆయన ఒప్పుకోలేదు. అయితే క్వాంటమ్ లెక్కల్లో రెండు వివరణలు కలిసి ఒకే సంభావ్యతను కచ్చితంగా ఇస్తాయి. నఖ్మన్ బోధలో అలాంటి లెక్క లేదు.

కబ్బాలా చెప్పే పది సెఫిరోత్‌లకూ, కణాలన్నీ అతి సూక్ష్మమైన తీగల కంపనాలేననే స్ట్రింగ్ సిద్ధాంతపు పది కొలతలకూ ముడిపెట్టే పోలిక మీద ఎక్కువసేపు నిలవక్కర్లేదు. సెఫిరోత్‌లు దయ, న్యాయం లాంటి దైవగుణాలు, స్ట్రింగ్ కొలతలు దిక్కులు. అదే సిద్ధాంతపు మరో రూపంలో కొలతలు పదకొండు. పరిశీలకుడి చైతన్యమే వాస్తవాన్ని సృష్టిస్తుందన్న వాదన కూడా అంతే బలహీనం. క్వాంటమ్ కొలతకు మనసు అక్కర్లేదు, పరికరం చాలు. హసిదీ సాధనలో మాత్రం చెదిరిన నిప్పురవ్వలను పైకెత్తేది మనిషి సంకల్పమే. పరికరానికి సంకల్పం ఉండదు.

ఒక గురువు, రెండు వాడుకలు

ఈ పోలికలకు మన కాలంలో పెద్ద గొంతు ఇచ్చింది చబాద్ ఏడో గురువు మెనాఖెమ్ మెండెల్ ష్నేయర్‌సన్. 1902లో పుట్టి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో, పారిస్‌లో చదువుకుని, 1951 నుంచి 1994లో చనిపోయేదాకా న్యూయార్క్ నుంచి ఉద్యమాన్ని నడిపారు. యూదు పంచాంగపు ఆరో సహస్రాబ్దిలో ఆరువందల ఏళ్లు గడిచాక పైనా కిందా జ్ఞానద్వారాలు తెరుచుకుంటాయని కబ్బాలా ప్రధాన గ్రంథమైన జోహర్‌లో ఉంది. అది 1840 ప్రాంతం. ఆ మాటను ఆధారం చేసుకుని, శాస్త్రం లోకంలోని వైవిధ్యాన్ని కొద్ది మూలశక్తులకు కుదిస్తూ రావడం దేవుడి ఏకత్వాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడుతుందని ఆయన చెప్పారు.

అదే గురువు విశ్వం వయసు విషయంలో శాస్త్రాన్ని ఒప్పుకోలేదు. 1961 డిసెంబరు నాటి ఒక ఉత్తరంలో, తెలిసిన కొద్ది కాలం నుంచి తెలియని సుదూర గతానికి లెక్క సాగదీయడం బలహీనమైన పద్ధతని వాదించారు. ఆ అభ్యంతరం తార్కికంగా గౌరవించదగ్గదే. కానీ దాన్ని పరీక్షించే వీలుంది. 1987లో సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఒక నక్షత్రం పేలడం కనిపించింది. అందులో పుట్టిన రేడియోధార్మిక కోబాల్ట్-56 వల్ల వచ్చిన వెలుగు, మన ప్రయోగశాలల్లో కొలిచిన 77 రోజుల అర్ధాయువుతోనే (సగానికి తగ్గే కాలంతోనే) తగ్గింది. అంత పాత వెలుగులోనూ భౌతిక నియమం ఇప్పటిలాగే ఉందన్నమాట. అలాగే సాపేక్ష సిద్ధాంతం ప్రకారం సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతున్నాడన్నా సమానంగా చెల్లుతుందని ఆయన రాశారు. ఏ కేంద్రం నుంచైనా లెక్క రాసుకోవచ్చన్నది నిజమే. కానీ భూమి తన చుట్టూ తాను తిరగడాన్ని బయటి ఆకాశం వైపు చూడకుండానే, 1851లో ఫూకో చేసినట్టు ఒక లోలకంతో పట్టుకోవచ్చు.

శక్తుల ఏకీకరణ ఏకత్వానికి సూచన అవుతుందా అన్న ప్రశ్నకు చరిత్రలోనే ఒక నమూనా ఉంది. విద్యుదయస్కాంత బలాన్నీ, రేడియోధార్మిక క్షయానికి కారణమైన దుర్బల బలాన్నీ ఒకే సిద్ధాంతంలోకి తెచ్చినందుకు 1979లో గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్‌లకు నోబెల్ వచ్చింది. లాహోర్‌లో చదువుకున్న అబ్దుస్ సలామ్ భక్తిపరుడైన అహ్మదీ ముస్లిం. ప్రకృతిలో ఏకత్వాన్ని వెతకడానికి తన విశ్వాసం ప్రేరణ అని బహిరంగంగా చెప్పేవారు. న్యూయార్క్ యూదు కుటుంబంలో పుట్టిన స్టీవెన్ వైన్‌బర్గ్ అంతే బహిరంగంగా నాస్తికుడు. ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా ఇద్దరూ 1967-68లో చేరింది ఒకే సమీకరణాలకు. 1983లో యూరప్‌లోని కణభౌతిక ప్రయోగశాల సెర్న్‌లో దొరికిన డబ్ల్యూ, జెడ్ కణాలు ఇద్దరి లెక్కనూ ఒకేలా నిజం చేశాయి.